ఇంట్లో ఎవరూ లేరని గోడ చెప్పింది

ఇంట్లో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో తేల్చే పని మనుషులకు వదిలేయడం ఏమంత మంచిది కాదు. మనుషులకు పక్షపాతం ఉంటుంది, మొహమాటం ఉంటుంది, మతిమరుపైతే చెప్పనే అక్కర్లేదు. గదిలో వేడీ చలీ చూసుకోమని గోడకు బిగించిన స్మార్ట్ థర్మోస్టాట్‌కు ఈ జబ్బులేవీ లేవు. కనుక అది ప్రతి ఇంట్లోనూ ఉండితీరాలి. నమ్మకం కుదరకపోతే ఒక ప్రూఫ్ రీడర్ ఇంట్లో ఏం జరిగిందో వినండి.

ఆవిడ పందొమ్మిదేళ్లుగా ఇంట్లోనే కూర్చుని బడిపిల్లల పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతోంది. ప్రెస్సు నుంచి సోమవారం కట్ట వస్తుంది, శుక్రవారం తిరిగి వెళ్తుంది. హాల్లో కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద ఎర్ర పెన్సిల్, ఒక అడుగుబద్ద. ఎడమ మోచెయ్యి బల్లకు ఆనించి ఆవిడ పనిలోకి దిగిందంటే రెండు గంటల వరకు పెన్సిల్ మొన తప్ప ఏదీ కదలదు. రెప్ప కూడా అవసరం పడితేనే వేస్తుందని ప్రెస్సు ఫోర్‌మన్ అంటుంటాడు. దీర్ఘం ఎగిరిపోయినా, వత్తు జారిపోయినా ఆవిడ చేతిలోంచి తప్పించుకున్న దాఖలా లేదు.

ఆవిడ భర్త లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్. మనుషుల మాట కన్నా మిషన్ మాట మీద ఆయనకు గురి ఎక్కువ. లిఫ్టులో పదిమంది ఎక్కి 'తొమ్మిదిమందిమే ఉన్నాం సార్' అనడం ఆయన చాలాసార్లు విన్నాడు. లిఫ్టు మాత్రం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదట.

ఆ ఇంట్లో ఇంకో మనిషి అత్తగారు. నర్సుగా పనిచేసి రిటైరైంది. పొద్దున పదింటికి పేకాట క్లబ్బుకి బయల్దేరి, సాయంత్రం నాలుగింటికి గెలిచిన మొహంతోనో ఓడిన మొహంతోనో తిరిగొస్తుంది.

చలికాలం మొదట్లో భర్త స్మార్ట్ థర్మోస్టాట్ తెచ్చాడు. బిగించడానికి వచ్చిన మెకానిక్ మోడ్‌లన్నీ నాలుగు నిమిషాల్లో అప్పజెప్పేసి వెళ్లిపోయాడు. అతను చెప్పింది ఇదీ. హీట్ అంటే గదిని వేడి చేస్తుంది. కూల్ అంటే చల్లబరుస్తుంది. ఫ్యాన్ అంటే ఊరికే గాలి తిప్పుతుంది, వేడితోనూ చల్లదనంతోనూ దానికి పేచీ లేదు. ఆటో అంటే అన్నీ అదే చూసుకుంటుంది, ఎప్పుడేం చేస్తుందని మనం అడగకూడదు. చివరిది 'అవే', అంటే ఇంగ్లీషులో 'బయటికెళ్లారు' అని. ఇంట్లో ఎవరూ లేరని కనిపెట్టి, ఆ లేనివాళ్ల కోసం కష్టపడటం మానేస్తుంది.

మొదటి వారం తల్లీకొడుకుల మధ్య యుద్ధం నడిచింది. అత్తగారికి వెచ్చగా ఉండాలి. కొడుక్కి చల్లగా ఉండాలి. అత్తగారు గోడ దగ్గరికి నడిచివెళ్లి హీట్ నొక్కి వచ్చేది. ఆయన పక్క మీద నుంచి లేవకుండా ఫోన్లో కూల్ నొక్కేవాడు. చివరికి ఆటో మీద రాజీపడ్డారు. అది తల్లి కోసం వేడి చేసేది, వేడెక్కింది కదా అని కొడుకు కోసం చల్లబరిచేది, చల్లబడింది కదా అని మళ్లీ మొదలుపెట్టేది. ఇద్దరూ సమానంగా విసుక్కున్నారు. ఇంతకన్నా నిష్పాక్షికమైన తీర్పు ఏ కోర్టులో దొరుకుతుంది?

రెండో వారంలో పరికరం అసలు విద్య చూపించింది. పొద్దున పదకొండు దాటాక ప్రూఫ్ రీడర్‌కు వేళ్లు కొంకర్లు పోవడం మొదలైంది. వాతావరణం మారిందనుకుని శాలువా కప్పుకుంది. పన్నెండింటికి రెండో శాలువా. ఒంటిగంటకు పెన్సిల్ పట్టు తప్పింది. దానికి రెండు గంటల ముందే ఆఫీసులో భర్త ఫోన్ మోగింది. 'ఇంట్లో ఎవరూ లేరు. అవే మోడ్‌కు మారాను.' ఆయన పక్క సీటు వాళ్లకు చూపించి మురిసిపోయాడు.

సాయంత్రం ఆవిడ అడిగింది. "ఏవండీ, నేనుండగానే ఎవరూ లేరంటుందేమిటండీ?"

"అది కదలికను బట్టి పట్టుకుంటుంది. నువ్వు కదలకుండా కూర్చుంటే దానికెలా తెలుస్తుంది?"

"నా పనే కదలకుండా కూర్చోవడం కదండీ."

"అరగంటకోసారి లేచి అటూ ఇటూ తిరుగు. నడుముకి కూడా మంచిది."

చూశారా, ఎంత మేలో! జీతమివ్వక్కర్లేని వ్యాయామం మాస్టారు గోడ మీదే ఉన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ పేరా మధ్యలో లేచి థర్మోస్టాట్ ముందుకెళ్లి రెండు చేతులూ ఊపి వచ్చేది. కొన్నిసార్లు ఒక్క ఊపుకే గుర్తుపట్టేది. కొన్నిసార్లు దండాలు పెట్టినా పలికేది కాదు. ఒకరోజు ఆవిడ పమిట చెంగు విసిరి చూసింది. అప్పుడు మాత్రం వెంటనే 'స్వాగతం' అంది.

లేచి వచ్చి కూర్చున్నాక ఏ వాక్యం దగ్గర ఆపిందో వెతుక్కోవాలి. అలా వెతుక్కోవడంలో ఒక వాక్యం జారిపోయింది. నాలుగో తరగతి సైన్సు పుస్తకం అచ్చయి బళ్లకు చేరాక ఫోర్‌మన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, నలభై రెండో పేజీ ఒకసారి చూస్తారా?"

చూసింది. నీరు వంద డిగ్రీల దగ్గర గడ్డకట్టి, సున్నా దగ్గర మరుగుతోంది.

"పిల్లలే పట్టుకున్నారటమ్మా. టీచరుగారు చెప్పారు. తప్పొప్పుల పట్టిక వేసి అంటిస్తున్నాం లెండి. మీకు ఒంట్లో బాగుంటోందా?"

ఆవిడ దిద్దిన పుస్తకానికి తప్పొప్పుల పట్టిక అంటించాల్సి రావడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఆవిడకు అన్నం సయించలేదు. భర్తేమో అదే భోజనం దగ్గర పరికరం పంపిన నెలవారీ నివేదిక చదివి వినిపించాడు. "ఈ నెల ఇల్లు నూట ఇరవై గంటలు ఖాళీగా ఉందట. ఎంత పొదుపో చూడు."

"నూట ఇరవై గంటలూ నేనిక్కడే ఉన్నానండీ."

"నివేదికలో అలా లేదే," అన్నాడాయన, కాస్త విచారంగానే.

ఆవిడ ఇంకేమీ వాదించలేదు. ప్రూఫులు దిద్దేవాళ్లకు ఒక నియమం ఉంటుంది. మూలంలో ఎలా ఉంటే అలాగే ఉంచాలి. మూలమే 'ఎవరూ లేరు' అంటుంటే తానెందుకు ఉండాలి?

"అయితే రేపట్నుంచి పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. నేను ప్రెస్సుకెళ్లి కూర్చుంటాను," అంది.

"ఊఁ," అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా. అత్తగారు మజ్జిగ పోసుకుంటోంది.

ప్రెస్సులో ఫోర్‌మన్ కాగితాల గదిలో ఒక బల్ల ఖాళీ చేయించాడు. పక్క గదిలో మిషన్లు తిరుగుతుంటాయి కాబట్టి గోడ ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. మూడు గంటలు కదలకుండా కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి టీ గ్లాసు పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లేవారు. మొదటి రోజే ఆవిడ అరవై పేజీలు దిద్దింది.

ఇంటి దగ్గర మాత్రం చిత్రాలు మొదలయ్యాయి. కారుతున్న కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్ బెల్లు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. భర్త తెప్పించుకున్న బూట్లు రెండుసార్లు వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్లాయి. అత్తగారు తాళంచెవి తీసుకెళ్లే అలవాటు లేక ఆరింటిదాకా మెట్ల మీద కూర్చుని ఒక్కతే పేకాడుకుంది. ఒంటరి ఆటలో కూడా ఓడిపోయిందట.

"నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా అనుకున్నాను," అన్నాడు భర్త ఫోన్లో.

"మీ ఫోన్లో ఏమని చూపిస్తోందండీ?"

"ఎవరూ లేరనే."

"మరింకేం?"

ఆ గురువారం మధ్యాహ్నం రెండు దాటాక భర్త ఫోన్ మళ్లీ మోగింది. 'ఇంట్లో మనిషి ఉన్నారు. ఆటో మోడ్‌కు మారాను.' భార్య ప్రెస్సులో, తల్లి క్లబ్బులో. మరి ఇంట్లో ఎవరు? చేస్తున్న తనిఖీ సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. కింద వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని తలుపు తీశాడు.

హాల్లో ఎవరూ లేరు. గాలి నిలవ ఉండిపోకుండా పరికరమే ఫ్యాన్ తిప్పుతోంది. ఆ గాలికి కిటికీ కర్టెన్ మెల్లగా ఊగుతోంది.

వాచ్‌మన్ కర్టెన్‌ను చూశాడు, గోడను చూశాడు. "కర్టెన్‌ని మనిషనుకున్నట్టుందండీ," అని చెప్పి కిందికి దిగిపోయాడు.

ఇంతదూరం వచ్చాను కదా అని ఆయన భార్య బల్ల ముందే కూర్చుని తనిఖీ నివేదిక రాయడం మొదలుపెట్టాడు. ఫ్యాన్ ఆగింది, కర్టెన్ ఆగింది. రాతలో పడి ఆయనకు టైము తెలియలేదు. కాసేపటికి పాదాలు చల్లబడ్డాయి. తర్వాత మోకాళ్లు. కోటు గుండీలు పెట్టుకుంటుండగా జేబులో ఫోన్ మోగింది.

'ఇంట్లో ఎవరూ లేరు.'

ఆయన ఆ మూడు ముక్కలూ చాలాసేపు చదివాడు. జీవితంలో మొదటిసారి ఒక మిషన్‌తో వాదించాలనిపించింది. "ఉన్నాను," అన్నాడు పైకే.

సాయంత్రం ఐదున్నరకు ప్రెస్సుకు వెళ్లాడు. ఆవిడ కాగితాల గదిలో మోచెయ్యి ఆనించి, కదలకుండా, ఎనిమిదో తరగతి లెక్కల్లో మునిగి ఉంది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆవిడే తలెత్తి చూసింది.

"ఏమయిందండీ? ఇలా వచ్చారు?"

"ఏం లేదు. ఊరికే." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రోజూ ఇక్కడికే వస్తావా ఇంక?"

"ఫోర్‌మన్‌గారు ఈ బల్ల నాకే ఉంచేస్తామన్నారు. వద్దామనే అనుకుంటున్నాను."

"మరి ఇంట్లో ఎవరుంటారు?"

"ఇన్నాళ్లూ ఎవరున్నారండీ?"

అలవాటుగా ఆయన చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది, దాన్ని పట్టుకోకుండానే బయటికి వచ్చేసింది.

"బాగా చలేసేదా?" అన్నాడు.

"వేసేది," అందావిడ, పెన్సిల్ కింద పెట్టి.

ఆ ఒక్క మాట అడగడానికి గోడకు యంత్రం బిగించాలా అని మీరు అడగవచ్చు. అక్కర్లేదు నిజమే. కానీ ఏ యంత్రమూ లేకుండా ఆ ఇంట్లో పందొమ్మిది చలికాలాలు గడిచిపోయాయి. మరి వాటిలో ఒక్కదాంట్లోనైనా ఎవరూ ఎందుకు అడగలేదో, అది మాత్రం మెకానిక్‌ను పిలిచి అడిగే సంగతి కాదు.