ఆరు మొండేలు, తొంభై మూడేళ్ళ శతాబ్దం

ఈ శతాబ్దంలో ప్రజలను అందరికంటే ఎక్కువగా అలరించిన ఆరుగురు మహానుభావులను గుర్తించి, నగరం నడిబొడ్డున వారి కంచు విగ్రహాలు నిలబెట్టాలని సాంస్కృతిక శాఖ మంత్రిగారు నిర్ణయించారు. దీని వెనక ఎంతో మేధోమథనం జరిగిందని పత్రికల వాళ్ళను పిలిచి చెప్పారు. మేధ ఎవరిదని ఎవరూ అడగలేదు. ఒక విలేఖరి మాత్రం లేచి, "ఐదుగురూ కాకుండా, పదిమందీ కాకుండా ఆరుగురే ఎందుకండీ?" అన్నాడు.

మంత్రిగారు కాసేపు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచారు. "కళకు లెక్కలుండవు," అన్నారు.

గోడవారగా నిలబడ్డ డిప్యూటీ డైరెక్టర్ ఆ మాట భక్తిగా రాసుకున్నాడు. ఆరుగురే ఎందుకో ఆ హాల్లో మంత్రిగారి తర్వాత తెలిసింది ఆయనొక్కడికే. ప్రజా పనుల శాఖ గోదాము వెనక ఆరు మొండేలున్నాయి.

వెనకటి ప్రభుత్వం తన నాయకుడి విగ్రహాలను ఆరు ఊళ్ళకు ఆర్డరిచ్చింది. శాఖలో పద్ధతి ఏమిటంటే, ముందు మొండెం పోత పోయిస్తారు, తల సంగతి తర్వాత చూస్తారు. మొండెం ఏ ప్రభుత్వానికైనా పనికొస్తుంది, తల దగ్గరే తొందరపడకూడదని పెద్దలు అనుభవం మీద గ్రహించారు. మెడ దగ్గర మర ఉంటుంది. తల వచ్చాక బిగించుకోవడమే. ఈసారి తలల కంటే ముందు ఎన్నికలొచ్చాయి. నాయకుడు పోయాడు, ప్రభుత్వం పోయింది, మొండేలు మిగిలాయి. నిలువెత్తు కోట్లు తొడుక్కుని, కుడిచేతి వేలు భవిష్యత్తు వైపు చూపిస్తూ, ఎడమ చంకలో ఫైలు ఇరికించుకుని, ఆరూ ఒక్కలాగే వానకు తడుస్తున్నాయి. ఇవేమిటని ఆడిటు వాళ్ళు అడిగిన వారంలోనే మంత్రిగారికి కళల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

కమిటీకి మెంబర్ సెక్రటరీగా డిప్యూటీ డైరెక్టర్‌నే వేశారు. ఆయన మంచివాడు. ఎదటివాళ్ళు ఏమన్నా "అలాగేనండీ" అనడం తప్ప ఇంకో మాట ఎరగడు. అందుకే అంత పైకొచ్చాడు, అందుకే అక్కడే ఆగిపోయాడు కూడా.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మామగారు గుమ్మంలోనే ఉన్నాడు. మామగారు హాస్యనటుడు. నాటకాల్లోనూ, తర్వాత సినిమాల్లోనూ ఒకే ఒక్క పనితో పేరు తెచ్చుకున్నాడు. తుమ్ము వస్తున్నట్టు మొహం పెట్టేవాడు. తుమ్ము వచ్చేది కాదు. మాట మొదలెట్టేవాడు, మళ్ళీ తుమ్ము వస్తున్నట్టుండేది, మళ్ళీ రాదు. జనం పొట్టలు పట్టుకుని కుర్చీల్లోంచి జారిపోయేవాళ్ళు. దేశమంతా ఆయన్ని తుమ్ములాయన అనేది. ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయన బతికున్నాడో లేదో బయటివాళ్ళకు తెలియదు, లోపలివాళ్ళకు తీరిక లేదు.

"నన్ను పెట్టాలని కాదు అల్లుడుగారూ," అన్నాడు మామగారు. "ఊరికే అడుగుతున్నా. పెడతారా?"

"చూద్దాం మామయ్యగారూ."

"చూద్దాం కాదు," అంది భార్య లోపల్నుంచి. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో మీరు మా వాళ్ళకి చేసిన ఉపకారం ఒక్కటీ లేదు. నాన్న పేరు లేకపోతే మీరూ ఆ కమిటీలోనే పడుకోండి, ఇంటికి రానక్కర్లేదు."

"అలాగే," అన్నాడు ఆయన అలవాటు కొద్దీ.

కమిటీకి అధ్యక్షుడు రిటైర్డ్ జడ్జిగారు. ఆయన జన్మలో ఒక్క నాటకం గాని, సినిమా గాని చూసి ఎరగరు కాబట్టి పక్షపాతం ఉండదని మంత్రిగారు ఏరికోరి ఎంచుకున్నారు. రెండో ఆయన ప్రొఫెసరు. వినోదం మీద పెద్ద గ్రంథం రాశాడు, అది చదువుతూ ఎవరూ నవ్విన దాఖలాలు లేవు. మూడో ఆయన పార్టీ సాంస్కృతిక విభాగం నాయకుడు. చేతికి దొరికిన మైకు వదలడు కాబట్టి అందరూ ఆయన్ని మైకు అనే పిలుస్తారు. ఆ పిలుపు ఆయనకూ ఇష్టమే.

"ముందు శతాబ్దం అంటే ఏమిటో తేల్చాలి," అన్నాడు ప్రొఫెసరు.

"నూరేళ్ళు కదండీ," అన్నాడు డిప్యూటీ డైరెక్టర్.

"అది సామాన్యుడి అభిప్రాయం."

"మా అధినేత తాతగారు గారడీ చేసేవారు," అన్నాడు మైకు. "ఆయన మొదటి ఆట ఆడి నూట పద్దెనిమిదేళ్ళయింది. ఆయన్ని బయట నిలబెట్టే శతాబ్దం మాకొద్దు."

జడ్జిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "శతాబ్దానికి నూరేళ్ళే ఉండాలని చట్టంలో ఎక్కడైనా ఉందా?"

"లేదండీ."

"అయితే నూట పద్దెనిమిది. తర్వాత?"

మధ్యాహ్నం ఇంకో చిక్కొచ్చింది. ప్రతిపక్షానికి ప్రచారం చేసిన హీరో ఒకాయన ఈ పాతికేళ్ళలోనే వెలిగాడని మైకుకు గుర్తొచ్చింది. శతాబ్దాన్ని ఆ చివర కత్తిరించారు. సాయంత్రానికి అది తొంభై మూడేళ్ళ దగ్గర నిలకడగా ఆగింది. ఇంత క్లిష్టమైన సమస్యను ఒక్క పూటలో తేల్చిన కమిటీ ఇంతకుముందు లేదని జడ్జిగారు మెచ్చుకున్నారు.

మర్నాడు సభ్యులు మొండేలను చూడటానికి గోదాముకు వెళ్ళారు. ఎవరు గొప్ప అన్న చర్చ అసలు అక్కడే ఊపందుకుంది.

"నాట్యరాణి లేని శతాబ్దం నాకు శతాబ్దమే కాదు," అన్నాడు ప్రొఫెసరు ఆవేశంగా. అని, మొండెం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "అన్నీ మగవేనా?"

"అన్నీ మగవేనండీ."

"ఈ కోటు విప్పడానికి వీలుందా?"

"కంచండీ."

నాట్యరాణిని తీసేశారు. ఈ అన్యాయాన్ని తన గ్రంథం రెండో భాగంలో ఎండగడతానని ప్రొఫెసరు శపథం చేశాడు. రెండో భాగం ఉందని తెలిసి అందరూ దిగులుపడ్డారు.

మిగిలినవి చకచకా కుదిరాయి. గారడీ తాతగారు వేలు పైకెత్తి చూపిస్తున్నారంటే, పావురం అటునుంచి వస్తోందన్నమాట. గాయకుడి చంకలో ఫైలేమిటి అంటే, పాటలు. తీగ మీద నడిచే ఆయన పడిపోకుండా చెయ్యి ఎత్తాడు. సినిమా హీరోకు ఏ మొండెమైనా ఒకటే, కష్టమైన పనులన్నీ ఆయన బతికున్నప్పుడే వేరే మొండేలు చేసిపెట్టాయి. రేడియోలో మాట్లాడే ఆయన మొండెం ఎలా ఉండేదో ఎవరూ చూసిందే లేదు. ఐదు నిండాయి.

డిప్యూటీ డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, తుమ్ములాయన అని ఒక హాస్యనటుడు. చెప్పకూడదు గాని, మా మామగారే."

"ఆయనా!" అన్నారు జడ్జిగారు. "ఆయన సినిమాకెళ్ళి నవ్వీ నవ్వీ మా ఆవిడ పళ్ళసెట్టు పారేసుకొచ్చింది."

"అధికారుల చుట్టాలు కూడదేమో," అన్న ప్రొఫెసరు, అధినేత తాతగారి మొండెం వైపు చూసి ఊరుకున్నాడు.

"చుట్టరికం తప్పు కాదు. బతికుండటం తప్పు," అన్నాడు మైకు. "బతికున్నవాళ్ళని నమ్మలేం. ఇవాళ మనం విగ్రహం పెడతాం, రేపు పొద్దున్నే వెళ్ళి ప్రతిపక్షంలో చేరతాడు. పోయినవాళ్ళే నమ్మకస్తులు."

ఈ సూత్రం అందరికీ నచ్చింది. జడ్జిగారు డిప్యూటీ డైరెక్టర్ వైపు తిరిగారు. "ఇంతకీ మీ మామగారు ఉన్నారా, పోయారా?"

ఉన్నారండీ అనడానికి ఆయన నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడి "ఊరికే అడుగుతున్నా" అన్న ముసలాయన కళ్ళముందు మెదిలాడు. ఆయన తల దించుకున్నాడు.

"అర్థమైంది," అన్నారు జడ్జిగారు, గొంతు తగ్గించి. "చెప్పలేకపోతున్నారు, పాపం."

అందరూ మౌనంగా నిలబడ్డారు. కారు డ్రైవరు సిగరెట్టు ఆర్పేసి వచ్చి నిలబడ్డాడు. తలల్లేని ఆరు మొండేలు అంతకుముందునుంచే నిలబడి ఉన్నాయి. అంతమంది సంతాపం పాటించాక మనిషి బతికే ఉన్నాడని చెప్పడం మర్యాద కాదనిపించింది డిప్యూటీ డైరెక్టర్‌కు. ప్రొఫెసరు ఆయన భుజం తట్టి, "ధైర్యంగా ఉండండి," అన్నాడు.

"అలాగేనండీ," అన్నాడు ఆయన.

ఇంట్లో ఈ కబురు చెప్పడానికి ఆయనకు రెండు గ్లాసుల మంచినీళ్ళు పట్టాయి.

"అంటే నేను పోయానా?" అన్నాడు మామగారు.

"ఫైల్లో మాత్రమే మామయ్యగారూ."

"ఎవరైనా ఏడ్చారా?"

"జడ్జిగారు కళ్ళు తుడుచుకున్నారు."

భార్య గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "మీ నోరు పడిపోయిందా? లక్షణంగా ఉన్నారని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రేపే వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోండి!"

"ఉండవే తల్లీ," అన్నాడు మామగారు. "స్టేజీ మీద ఎన్నిసార్లు చావలేదు? ఇదీ అంతే అనుకుంటా. నాకు దండలొద్దు, పేరొద్దు. ఆ తెర తీసినప్పుడు జనంలో ఒక మూల నిలబడతాను. నన్ను చూసి ఇప్పటికీ ఎవరైనా నవ్వుతారేమో చూడాలి. అది చూశానంటే నిజంగా పోయినా నాకు బెంగ లేదు." కూతురు గరిటె దించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తల చెయ్యడానికి శిల్పికి నమూనా కావలసొచ్చింది. పోయినాయన తమ్ముడని చెప్పి మామగారినే తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. శిల్పి చాలాసేపు పరకాయించి చూసి, "పోలికలున్నాయి గాని, అన్నగారి మొహంలో ఉన్న కళ మీకు రాలేదు," అన్నాడు. మామగారికి పౌరుషం వచ్చింది. తుమ్ము రానిచ్చాడు. రానివ్వలేదు. శిల్పి పడీ పడీ నవ్వి, మట్టి చేతులతోనే కళ్ళు తుడుచుకుని, ఆ మొహాన్నే ఉన్నదున్నట్టు దించాడు. చూడటానికొచ్చిన ప్రొఫెసరు అదిరిపడ్డాడు. "ఇదేమిటి, జలుబు చేసినట్టు? శతాబ్దపు మనిషి గంభీరంగా ఉండాలి," అని దగ్గరుండి ముక్కు, నోరు సరిచేయించాడు.

ఆవిష్కరణ రోజున చౌరస్తా కిటకిటలాడింది. మామగారు టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తాడుకు అవతల జనంలో నిలబడ్డాడు. కూతురు ముందు వరసలో, స్వర్గీయుల కుటుంబాలకు కేటాయించిన కుర్చీల్లో కూర్చుంది. డిప్యూటీ డైరెక్టర్ వేదిక మీద మంత్రిగారి వెనక ఉన్నాడు.

ఐదు తెరలు జారాయి. ఐదుగురూ ఒకే వైపు వేలు చూపించారు. ఆరో తెర జారింది. ఆ నిలువెత్తు కోటు మీద తుమ్ములాయన నిమ్మకాయంత తల ఉంది. మొహంలో దేశం గురించిన బెంగ ఉంది.

ఎవరూ నవ్వలేదు. ఒకాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఒకావిడ చంటిదాన్ని ఎత్తి చూపించి, "పెద్దయ్యాక అలా ఉండాలి," అంది. వెనకనుంచి ఎవరో తమ వీధికి నీళ్ళు రావడం లేదని విగ్రహానికి మొరపెట్టుకున్నాడు. మామగారు కళ్ళద్దాలు తీసేసి చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటే వెతికాడు. వేదిక మీదనుంచి డిప్యూటీ డైరెక్టర్ అది చూశాడు.

అప్పుడు మామగారు తాడు కిందనుంచి దూరి ఇవతలికి వచ్చాడు. పక్కవాడి పేపరు లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. విగ్రహం పక్కన నిలబడి కుడిచెయ్యి ఎత్తి వేలు చాపాడు. ఎత్తు చాలలేదు. మునివేళ్ళ మీద లేచాడు. ఇంకా చాలలేదు. తన వేలు ఎటు చూపిస్తోందో ఓసారి చూసుకున్నాడు. అటు ఏమీ లేదు. విగ్రహం ఎటు చూపిస్తోందో చూశాడు. అటూ ఏమీ లేదు. ఇద్దరం కలిసి వెతుకుదాం రమ్మన్నట్టు విగ్రహానికి సైగ చేశాడు.

చౌరస్తా గొల్లుమంది. చంటిది కేరింతలు కొట్టింది. టోపీ తీసినాయన టోపీ కింద పడేసుకుని నవ్వాడు. మామగారి మొహం వెలిగిపోయింది.

"ఎవడు వాడు?" అన్నారు మంత్రిగారు మైకులోనే. "మహానుభావుణ్ణి వెక్కిరిస్తున్నాడు!"

ఇద్దరు పోలీసులు వచ్చి ముసలాయన రెండు రెక్కలూ పట్టుకున్నారు. "పోయినవాళ్ళంటే గౌరవం లేదా?" అని ఒకడు కసిరాడు. మామగారు వేదిక వైపు, అల్లుడి వైపు చూశాడు.

మంత్రిగారు వెనక్కి తిరిగారు. "మీకేమైనా తెలుసా అతను?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో మంత్రిగారికి ఆయన "అలాగేనండీ" కాకుండా ఇంకో మాట చెప్పవలసి రావడం అదే మొదటిసారి.

"తెలీదండీ," అన్నాడు.

మామగారికి అది వినపడిందో లేదో. పోలీసుల మధ్య బుద్ధిగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నిశ్శబ్దం, నిశ్శబ్దం అని మైకు అరిచాడు.

తర్వాత స్వర్గీయుల తరఫున జ్ఞాపికలు ఇచ్చారు. తుమ్ములాయన కుటుంబాన్ని పిలిచేసరికి ముందు వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కూతురు జనాన్ని తోసుకుంటూ పోలీసుల వెనక పరుగెడుతోంది. ఇక తప్పక డిప్యూటీ డైరెక్టరే ముందుకొచ్చి జ్ఞాపిక పట్టుకున్నాడు.

మంత్రిగారు ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. "ఎంత గొప్ప మనిషయ్యా! మీ మామగారు పోయి ఎన్నాళ్ళయింది?"

"ఇప్పుడేనండీ."

"అయ్యో, పాపం," అన్నారు మంత్రిగారు, కెమెరా వైపు తిరుగుతూ.

"సార్, ఇటు చూడండి," అన్నాడు ఫోటోగ్రాఫరు. "కొంచెం నవ్వండి."