నెత్తురు దొరకు సిద్దిపేట మాటలు

చచ్చినవాడికి మళ్ళీ అదే ఉద్యోగం, అదే కుర్చీ, అదే కోట ఇవ్వగల సంస్థ ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది వీడియో గేమ్ కంపెనీ.

ఈ మాట ఒప్పుకోవడానికి పర్శరాములుకు చాలా ఏళ్ళు పట్టింది. సిద్దిపేటలో పూజాసామాన్ల దుకాణం నడుపుకునే ఆయనకు, కూతురు సౌమ్య ఏడో తరగతిలో ‘గబ్బిలాల కోట’ ఆడటం మొదలుపెట్టిననాటి నుంచీ ఒకటే సందేహం. ఆ గేమ్‌లో విలన్ ఒక కోట దొర. మనుషుల నెత్తురు తాగి బతుకుతాడు. మొదటి భాగం చివర గుండెల్లో మేకు దిగి బూడిదైపోయాడు. రెండో భాగంలో కొత్త కోటు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. మన పురాణాల్లో రాక్షసుడు చస్తే చచ్చినట్టే. శాపం ఉన్నవాళ్ళకైనా మూడు జన్మలకు మించి లేవు. ఈ దొరకు ఇప్పుడు ఎనిమిదోది నడుస్తోంది.

“వీనికి గింత వరం ఎవలిచ్చిన్రు బిడ్డా?” అని అడిగితే, “కంపెనీ ఇచ్చింది బాపు” అనేది సౌమ్య. దేవుణ్ణి గురించి అడిగిన ప్రశ్నకు కంపెనీ జవాబుగా రావడం ఆయనకు మింగుడుపడేది కాదు.

చదువయ్యాక సౌమ్యకు ఆ కంపెనీ హైదరాబాదు శాఖలోనే ఉద్యోగం వచ్చింది. ఇంట్లోనే కూర్చుని గేమ్‌లోని మాటల్ని తెలుగులో రాస్తుంది. అప్పుడు గానీ ఆయనకు లోగుట్టు తెలియలేదు. అక్కడ ‘విలన్ కొనసాగింపు విభాగం’ అని ఒకటుంది. దాని నిబంధనల ప్రకారం హీరో కాంట్రాక్టు మనిషి, ఏ భాగంలోనైనా మార్చవచ్చు. దొర పర్మనెంటు. ఆయన మరణాన్ని సెలవు కింద లెక్కగడతారు. తిరిగి విధుల్లో చేరేటప్పుడు ఏదో ఒక కష్టం మంజూరు చేస్తారు. నాలుగో భాగంలో భార్య పోయింది. ఐదులో కొడుకు ఎదురు తిరిగాడు. ఆరులో జుట్టు పెరిగి, వయసు తగ్గి, ఆడపిల్లలు జాలిపడేలా తయారయ్యాడు. ఏడో భాగంలో ఆడేవాళ్ళే దొర అయిపోయారు. (చంపలేనివాడి కుర్చీలో మనల్నే కూర్చోబెట్టడం మంచి పద్ధతి. తరువాత ఫిర్యాదులు రావు.)

ఎనిమిదో భాగాన్ని తెలుగువాళ్ళకు తగినట్టు మార్చమని ఆ విభాగం అధికారి గజేందర్ ఉత్తర్వు ఇచ్చాడు. చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి. ఎవరైనా పిలవందే దొర గడప దాటకూడదన్నది పాత నియమం. పరీక్ష కోసం ఆయన్ను సిద్దిపేట లాంటి ఊళ్ళో వదిలితే, మొదటి ఇంటివాళ్ళే “బయటనే నిలవడ్డవేంది, లోపలికి రా” అని పిలిచి కుర్చీ వేశారు. వెల్లుల్లి సోకితే దొర చావాలన్నది రెండో నియమం. అదే ఇంట్లో మామిడికాయ తొక్కు జాడీ మూత తీయగానే చచ్చాడు. గేమ్ నాలుగు నిమిషాల్లో ముగిసింది. తెలుగు రాష్ట్రాల్లో దొరకు వెల్లుల్లి నుంచి మినహాయింపు ఇస్తూ గజేందర్ వెంటనే సర్క్యులర్ జారీ చేశాడు.

ఇక్కడ పర్శరాములు సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. సౌమ్య పుట్టినప్పుడు ఆయన భార్య రోజారాణికి నెత్తురు చాలా పోయింది. కూలర్లు బాగుచేసే పక్కింటి జయరాజ్ పరుగెత్తి వెళ్ళి ఒక బాటిల్ ఇచ్చాడు. ఇంకొకటి కావలసి వచ్చింది. “మా అన్న ఎల్లుండి వచ్చి ఇస్తడు, నాది జిమ్మ” అని బ్లడ్ బ్యాంకులో మాటిచ్చి తెచ్చాడు. అన్న అంటే పర్శరాములు. ఆయనకు సూదంటే చచ్చే భయం. ఆ ఎల్లుండి ఇంకా రాలేదు. మాట పోకుండా జయరాజే ఏటేటా వెళ్ళి ఇస్తున్నాడు. వెళ్ళేముందు దుకాణం దగ్గర ఆగి, “అన్నా, వస్తవా?” అంటాడు. రానంటే నవ్వి వెళ్ళిపోతాడు.

వచ్చే గురువారం పర్శరాములుకు అరవై నిండుతాయి. అరవై దాటినవాళ్ళ దగ్గర మొదటిసారి నెత్తురు తీసుకోరని విన్నప్పటి నుంచీ, ఆయన ఏ వ్రతానికీ చూపని శ్రద్ధతో ఆ గురువారం కోసం ఎదురుచూస్తున్నాడు.

అంతలో సౌమ్య లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. “బాపు, ఈ భాగంల దొర తాగిన నెత్తురు మళ్ల వాపస్ ఇయ్యాలె. ఇయ్యకుండ తప్పించుకుంటుంటడు. గా మాటలు నాకస్సలు వస్తలేవు. నువ్వు చెప్పరాదు.”

పర్శరాములు కళ్ళు మూసుకున్నాడు. తడుముకోవలసిన పని లేకపోయింది.

“‘ఇయ్యాల ఏకాదశి, ఒక్కపొద్దు ఉన్న’ అంటడు. ‘మాల ఏసుకున్న, దీక్షల సూది కుచ్చుకుంటే దోషం’ అంటడు. ‘కార్తీకం పోనియ్యి, నేనే వస్త’ అంటడు.”

“అడిగేటోడు గట్టిగ అడిగితే?”

“‘నీకంటే నాకే ఎక్కువ యాదున్నది, నువ్వు చెప్పాల్నా?’ అని వాని మీదికే పోతడు.”

సౌమ్య టైపు చేస్తూనే ఉంది. గజేందర్ జవాబు మర్నాడే వచ్చింది. భోజనాల దగ్గర ఆమె చదివి వినిపించింది. “ఎనిమిది భాగాల్లో ఇంత సహజమైన దుర్మార్గుణ్ణి చూడలేదు. దైవభక్తిని అడ్డం పెట్టుకోవడం అద్భుతం. వెనుకటి భాగాల్లో అతని మీద జాలి పుట్టించడానికి మేం చాలా ఖర్చు పెట్టాం. ఇప్పుడు ఆ అవసరం లేదు. రచయితకు అభినందనలు.”

రోజారాణి పప్పు వడ్డిస్తున్న గరిటె గాలిలోనే ఆగింది. “రచయితనా? గివన్నీ నేను ఇరవై మూడేండ్ల సంది ఇంటున్నవే గద బిడ్డా. జయరాజ్‌ను పిలిస్తే సాంతం అప్పజెప్తడు.”

“అంటే... బాపు, నీ మాటలేనా?” అంది సౌమ్య.

పర్శరాములు అన్నం కలుపుతూ కంచం వైపు చూశాడు. కోట దొరకైనా భార్య పోయిన దుఃఖం అడ్డం పెట్టుకోవడానికి ఉంది. తన భార్య ఎదురుగా నిలబడి పప్పు వడ్డిస్తోంది, ఎవరి నెత్తురుతోనో.

బుధవారం పొద్దున్న ఆయనే జయరాజ్ గేటు కొట్టాడు. “నడువు తమ్మీ.”

“ఏడికన్నా?”

“రేపటికి నా పర్మిషన్ అయిపోతది.”

జయరాజ్ లోపలికి వెళ్ళి బండి తాళాలు తెచ్చాడు.

బ్లడ్ బ్యాంకులో కౌంటరు దగ్గరున్న ప్రవీణ అడిగింది. “ఏ పేషెంటు కోసం సార్?”

“రోజారాణి. నా భార్య.”

“ఏ వార్డు?”

“ఇంట్ల ఉన్నది. డిశ్చార్జి అయి ఇరవై మూడేండ్లయింది.”

ప్రవీణ కంప్యూటర్‌లో పైకీ కిందికీ వెతికింది. “డిశ్చార్జి అయినోళ్ల బాకీ తీసుకునే జాగ ఇందుల లేదు సార్. మీ ఇష్టంతోటి ఇస్తున్నట్టు, స్వచ్ఛంద దాత అని పెడ్త.”

“ఇష్టం లేదమ్మా, బాకీ అది” అని ఆయన బతిమాలాడు. కంప్యూటర్ ఒప్పుకోలేదు.

సూది దిగినప్పుడు పర్శరాములు ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు. మొదటి నాలుగు పాదాలే నోటికి వచ్చాయి, వాటినే తిప్పి తిప్పి చదివాడు. జయరాజ్ రెండో చేయి పట్టుకుని, తన ప్రార్థన తాను చేసుకున్నాడు. సంచీ నిండింది. బాకీ తీరింది.

బిస్కెట్లు తిన్నాక ఆయన మెడలో దండ వేశారు. ‘నిస్వార్థ మానవతామూర్తి’ అని రాసిన పత్రం చేతికిచ్చారు. ఫోటో కోసం నిలబడమన్నారు. జయరాజ్ పక్కకు జరిగి ఫోన్ పట్టుకున్నాడు. ఏటేటా ఇచ్చేవాళ్ళు ఫోటోలో ఉండాలన్న నిబంధన ఏదీ లేదు.