పడుగేది, పేకేది?

ఆ రోజు ఎవరిమీదా కోప్పడకూడదని మణిశంకర్ పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. కాఫీ చల్లారిపోయినా కిక్కురుమనకుండా తాగాడు. అతను రాజమహేంద్రవరంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ లెక్చరర్. కాలేజీ ఆరుబయలు వేదిక మీద రేకులు వెయ్యాలా, అతను పట్టుబడుతున్న పూత గుడ్డ వెయ్యాలా అన్నది ఆ పూట తేలిపోతుంది. ఛైర్మన్ వెంకటసుబ్బారావు గారు స్వయంగా ల్యాబుకు వచ్చి చూస్తానన్నారు.

పూత గుడ్డంటే గట్టి దారంతో నేసి, రెండువైపులా ప్లాస్టిక్ పూత పూసినది. పొడుగునా ఉండే పడుగు దారాలు తిన్నగా ఉంటాయి. అడ్డంగా వెళ్ళే పేక దారాలు వాటి మీదా కిందా ఒంపులు తిరుగుతాయి. లాగితే పడుగు వెంటనే బిగుస్తుంది. పేక ముందు తన ఒంపులు సర్దుకుని, తీరిగ్గా బిగుస్తుంది. ఏది ఎంత సాగుతుందో కంప్యూటర్లో మోడల్ కట్టి ముందే చెప్పవచ్చని మణిశంకర్ వాదన. ఏళ్ళ తరబడి దానిమీదే కూర్చున్నాడు. "గుడ్డకి లెక్కలేంటయ్యా" అని నవ్వే హెచ్ఓడీ సూర్యప్రకాశం గారిది రేకుల పార్టీ. ల్యాబులో మిషన్ గుడ్డను లాగి చూపించిందీ మోడల్ చెప్పిందీ కలిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. కలవకపోతే మణిశంకర్ రిటైరయ్యేదాకా దాన్ని వినాలి.

ల్యాబులో సంచి విప్పి చూసేసరికి, పరీక్షకని ఇంట్లో కోసి తెచ్చుకున్న గుడ్డ ముక్కలన్నిటికీ నాలుగు మూలలా పసుపు. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా గడప దాటించడం అత్తగారు లలితాంబకు చేతకాని పని. మణిశంకర్‌కు ఒళ్ళు మండిపోయింది. "ఈ పసుపంతా తుడిచి పారెయ్యి" అని అటెండరు సత్తియ్య మీద అరిచి, వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, నా సంచి ముట్టుకోమని ఎవరు చెప్పారండి మీకు?"

"శుభమా అని కొత్త బట్ట పట్టుకెళ్తున్నావని కాస్త పసుపు పెట్టాను బాబూ. తప్పా?"

"తప్పే. ఇక నా గుడ్డ జోలికి రాకండి."

"అలాగే నాయనా. ఆ గుడ్డ ఇక ఈ ఇంట్లో కనపడదు."

ఆ మాటలో ఏముందో ఆలోచించే స్థితిలో లేడతను. లోపలికి వచ్చి చూస్తే ముక్కలన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. సత్తియ్య స్పిరిట్ పోసి మరీ తోమాడు. పసుపుతోపాటు, ఏది పడుగు ముక్కో తెలియడానికి మణిశంకర్ పెన్నుతో పెట్టుకున్న ఎర్ర గీతలు కూడా పోయాయి. ముక్కలన్నీ ఒకే కొలత. పూత కింద దారం కనపడదు.

"నేను పసుపు తుడవమన్నాను. గుర్తులు తుడవమన్నానా?"

"గుర్తులున్నాయని మీరు చెప్పలేదు కదండి."

నిజమే. అందుకే మరింత కోపమొచ్చింది. అప్పటికే ఛైర్మన్ గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"ఫరవాలేదండి," అన్నాడు మణిశంకర్ పళ్ళు బిగబట్టి. "అన్నీ లాగుదాం. ఏది తక్కువ సాగితే అది పడుగు."

సూర్యప్రకాశం గారు నవ్వారు. "అంటే నీ లెక్కకి సరిపోయిన ముక్కకి పడుగని పేరు పెడతావు. తర్వాత లెక్క సరిపోయిందంటావు. ఇలాగైతే నేనూ జాతకాలు చెప్తానయ్యా."

ఛైర్మన్ గారు కూడా నవ్వారు. హెచ్ఓడీ గారు అన్నదాంట్లో న్యాయం ఉండటమే మణిశంకర్‌ను కాల్చుకుతింది. ఇక ఒక్కటే దారి. ఇంట్లో మిగిలిన పెద్ద ముక్క అంచున కంపెనీ పేరు పడుగు వెంట అచ్చువేసి ఉంటుంది. దాన్నుంచి కొత్త ముక్కలు కోసుకోవచ్చు. మళ్ళీ ఫోన్ చేస్తే భార్య వర్షిణి ఎత్తింది.

"మీరు అరిచారుగా, అమ్మ దాన్ని పూలమ్మే పాపాయమ్మకి ఇచ్చేసింది. దేవీచౌక్‌లో పూలబండి మీద కట్టుకుందిట."

అందరూ ఛైర్మన్ గారి కార్లో బయల్దేరారు. సగం దారిలో వాన మొదలై, దేవీచౌక్ చేరేసరికి కుమ్మేస్తోంది. నాలుగు కర్రలకు బల్లపరుపుగా కట్టిన గుడ్డ కింద పాపాయమ్మ మల్లెలు మూరలు వేస్తోంది.

"విప్పనండి," అంది పాపాయమ్మ. "వానలో నా పూలేం కావాలి? అమ్మగారు పిలిచి మరీ ఇచ్చారు."

వాన తగ్గేదాకా ఆగక తప్పదని అందరూ ఆ గుడ్డ కిందికే దూరారు. మణిశంకర్ తలెత్తి చూశాడు. అంచున కంపెనీ పేరు ఉంది. ఏ వైపు పడుగో, ఏ వైపు పేకో తెలిసిపోయింది. కుడివైపు వెనక కర్ర కురచగా ఉంది, సరిగ్గా దాని పక్కనే సూర్యప్రకాశం గారు నిలబడ్డారు. ఇలాంటి కట్టుడు కంప్యూటర్లో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

"సార్, అక్కడ నిలబడకండి. పేక అటు సాగుతుంది. నీళ్ళు ఆ మూలకే చేరి, ఒక్కసారిగా పడతాయి."

"నీ మోడల్ చెప్పిందా?" అన్నారు సూర్యప్రకాశం గారు.

"మోడలే చెప్పింది."

"అయితే ఇక్కడే నిలబడతాను."

"నిలబడండి," అన్నాడు మణిశంకర్. పొద్దుట్నించీ కాగుతున్న కోపమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

గుడ్డ మెల్లగా దిగింది. ఆ మూల కుండంత పొట్ట వేసింది. కురచ కర్ర ఒరిగింది. గుడ్డ చిరగలేదు గానీ, అందులోని నీళ్ళన్నీ సూర్యప్రకాశం గారి నెత్తిన పడ్డాయి. పూలమీద చుక్క పడలేదు.

ఛైర్మన్ గారు తలెత్తి గుడ్డకేసి చూశారు. "రేకులైతే ఎక్కడ కారతాయో ఇలా ముందే చెప్పగలమా?"

"చెప్పలేమండి."

"అయితే గుడ్డే వేయిద్దాం. నీళ్ళు నిలవకుండా ఎలా వంచాలో నీ లెక్క ప్రకారమే చెయ్యి."

ఇన్నేళ్ళ చాకిరీ ల్యాబులో కాక పూలబండి కింద గెలిచినందుకు మణిశంకర్‌కు కోపం రావలసిందే. ఎవరిమీద చూపించాలో తెలియక ఊరుకున్నాడు.

సూర్యప్రకాశం గారు జేబురుమాలు పిండుకుంటూ, ఒక్క ప్రయోగంతో ఏదీ రుజువు కాదనీ, ఫలితం నమ్మాలంటే కనీసం మూడుసార్లు చెయ్యాలనీ అన్నారు. ఛైర్మన్ గారు పాపాయమ్మ చేత కర్ర మునుపటిలాగే నిలబెట్టించి, ఆయన్ను మళ్ళీ అక్కడే నిలబడమన్నారు.