మంత్రిగారు వచ్చేదాకా రాజీ పడరాదు

"ఇకపై ఈ పట్టణంలో తగాదా అన్న మాట డిక్షనరీలో తప్ప కనపడదు!" అని మంత్రిగారు ప్రకటించారు. దాంతో తగవులు తీర్చడానికి కొత్తగా పెట్టిన మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభానికి అర్జంటుగా ఒక తగాదా కావలసొచ్చింది. ఆఫీసరుగారు ఊరంతా గాలించి టైలరమ్మనీ, పక్కకొట్టు సెలూనతన్నీ పట్టుకొచ్చారు. సెలూను గొట్టంలోంచి కారే నీళ్ళకి టైలరమ్మ కుట్టిన చొక్కాలు నాలుగు తడిసిపోయాయి. ప్రస్తుతానికి దొరికిన తగాదా అదే.

మంత్రిగారు పదింటికన్నారు. పన్నెండున్నరైనా జాడ లేదు. టైలరమ్మకి విసుగొచ్చింది.

"తమ్ముడూ, ఆ గొట్టం అటు తిప్పితే పోదూ?"

"అంతే కదక్కా! సాయంత్రం తిప్పేస్తా."

ఇద్దరూ లేచి ఇంటికి బయల్దేరారు. ఆఫీసరుగారు పరుగున వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"మంత్రిగారు రాకుండా రాజీ పడటానికి మీకు పర్మిషన్ ఎవరిచ్చారు?"

"పొరపాటైంది సార్," అంది టైలరమ్మ భయంగా.

"మళ్ళీ మొదలెట్టండి. గొట్టం ఒక్కటే చాలదు, కాస్త గుచ్చుకునే మాటలు కావాలి."

ప్రభుత్వం పని కదా అని ఇద్దరూ మనస్ఫూర్తిగా సహకరించారు.

"నీ కత్తెరకి జుట్టుకంటే చెవులే ఎక్కువ తెగుతాయి," అంది టైలరమ్మ నవ్వాపుకుంటూ.

"నువ్వు కుట్టిన చొక్కాలో చెయ్యి పెడితే తల బయటికొస్తుంది!"

"ఇంకా, ఇంకా!" అన్నారు ఆఫీసరుగారు.

"నీ నోటికి జడిసే నీ మొగుడు పారిపోయాడు!" అనేశాడు సెలూనతను ఊపులో.

టైలరమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. మొగుడు పనిమీద వెళ్ళాడనే ఊరంతా అనుకుంటోంది. అసలు సంగతి ఆవిడ ఏడ్చి చెప్పుకున్నది ఇతనొక్కడికే. మంత్రిగారి కోసం వచ్చిన విలేకరులు గబగబా రాసుకుంటున్నారు. సెలూనతను నాలిక కరుచుకున్నాడు.

"ఎక్సలెంట్!" అన్నారు ఆఫీసరుగారు.

అప్పుడే మంత్రిగారు వచ్చారు. ఇద్దరి చేతులూ కలిపారు, ఫొటో దిగారు, మూడు నిమిషాల్లో శాంతి నెలకొల్పి కారెక్కారు.

మూడోరోజు టైలరమ్మ కొట్టు మూసి కేంద్రానికి వెళ్ళింది. కుర్చీలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు.

"సార్, మా ఇద్దరికీ నిజంగా తగాదా వచ్చింది. తీర్చండి."

"మీది తీరిపోయిందమ్మా. పేపర్లో కూడా పడింది." ఆఫీసరుగారు గొంతు తగ్గించారు. "ఎల్లుండి పక్క పట్టణంలో ఓపెనింగ్ ఉంది. మీ ఇద్దరి తగాదా బాగా కుదిరింది. వ్యానూ భోజనమూ మావే. వస్తారా?"

"ఆ మనిషి వస్తే నేను రాను. చచ్చినా వాడి మొహం చూడను!"

ఆఫీసరుగారు చప్పున పెన్ను తీసి రాసుకున్నారు.

"భేష్. అక్కడ మొట్టమొదట ఈ మాటే అనండమ్మా."