చావని కంప్యూటరూ, నా నవారు మంచమూ

పాత వంతెన మీదుగా నీళ్లు పారిన వరద ఏడది. ఆ ఏడు ఊళ్లో చాలామంది చాలా పోగొట్టుకున్నారు. మా ఇంటికి మాత్రం ఒక వస్తువు కొత్తగా వచ్చి చేరింది. దానివల్లే నా మంచం పోయింది.

అందుకే ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను. నచ్చితే చదవండి, నచ్చకపోతే పేజీ తిప్పండి. కొన్న ఏడాదికే చచ్చే కొత్త కంప్యూటర్లను తిట్టకండి. అవి మన మేలు కోరి పుట్టినవి. భయపడాల్సింది పాతవాటికి. ఎందుకంటే పాతవి చావవు.

నమ్మరు కదూ? అయితే మీ ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టిన అల్లుడు లేడన్నమాట.

మా అల్లుడు నీళ్ల ఆఫీసులో గుమాస్తా. మా ఇంట్లోనే ఉంటాడు. వరదకు వాళ్ల ఆఫీసు కింది అంతస్తు మునిగింది. నీళ్లు తీశాక పాడైన సామానంతా రోడ్డు మీద పడేశారు. తెలివైనవాళ్లు కుర్చీలు మోసుకుపోయారు. మావాడు కంప్యూటర్ మోసుకొచ్చాడు.

గుమ్మంలో దించితే దాని పొట్టలోంచి బురదనీళ్లు కారాయి. ఒక చేపపిల్ల కూడా జారిపడిందని మా ఆవిడ అంటుంది. నేను చూడలేదు. అయినా ఆవిడ అబద్ధమే ఆడదలిస్తే ఇంకాస్త పెద్ద చేపనే చెప్పేది.

"ఆరబెట్టాలి మామయ్యా. ఎండా గాలీ రెండూ తగలాలి. రెండ్రోజులే" అన్నాడు అల్లుడు.

మా ఇంట్లో ఎండా గాలీ కలిసి వచ్చే చోటు ఒక్కటే, ముందుగది కిటికీ పక్కన. అక్కడ నా నవారు మంచం ఉండేది. బతుకంతా మిల్లులో బాయిలర్ పక్కన చెమటలు కక్కినవాణ్ణి. పని మానేశాక నేను కోరుకున్నది ఆ కిటికీ గాలి ఒక్కటే. సరే, రెండ్రోజులే కదా అని లేచి ఇచ్చాను. నా పడక వంటింటి పక్క నడవలోకి వెళ్లింది.

అల్లుడు దాన్ని విప్పాడు. లోపలి పలకలన్నిటినీ గిన్నెలు తోమే సబ్బుతో కడిగాడు. మూలమూలలా తోమడానికి ఒక పళ్ల బ్రష్ వాడాడు. ఎవరి బ్రష్షో చెప్పక్కర్లేదనుకుంటాను. అన్నిటినీ నా మంచం మీద ఉతికిన బట్టల్లా ఆరేశాడు. మళ్లీ బిగించేసరికి కొన్ని స్క్రూలు మిగిలిపోయాయి.

"మిగిలాయంటే అక్కర్లేనివే మామయ్యా" అన్నాడు.

నేను లోలోపల సంతోషించాను. బురద తాగింది, సబ్బునీళ్లు తాగింది, సగం స్క్రూలు లేవు. ఇంకెలా బతుకుతుంది? మీరైతే బతుకుతారా?

అది బతికింది.

బతికినదాన్ని పెట్టెలో పెట్టి మూలన నిలబెట్టొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. పెట్టెలో పెడితే ఆగిపోతుంది. బల్ల మీద పరిస్తే కాగిపోయి ఆగిపోతుంది. ఇనుప స్టాండు మీద పెడితే అది ఆగదు గానీ, ముట్టుకున్నవాళ్ల గుండె ఆగేట్టుంది. నా మంచం మీద పేగులు బయటేసుకుని వెల్లకిలా పడుకుంటే మాత్రం హాయిగా నడుస్తుంది. నవారు సందుల్లోంచి కింది గాలి, కిటికీలోంచి పక్క గాలి.

"మంచం దీనికి అచ్చొచ్చింది మామయ్యా" అన్నాడు అల్లుడు.

నాకూ అచ్చొచ్చిందే. నన్నెవరైనా అడిగారా?

ఇక దాని మొండితనం వినండి. స్విచ్ ఊడిపోయింది. రెండు తీగల మీద చెంచా ఆనిస్తే లేస్తుంది. ఆ చెంచా ఉద్యోగం మా ఆవిడ తీసుకుంది. పొద్దున్నే స్నానం చేసి, కాఫీ కన్నా ముందు దాన్ని లేపుతుంది. లేవకపోతే ఇల్లంతా వినబడేలా చెబుతుంది: "ఇవాళ దీని వాలకం బాగోలేదర్రా. నిన్న సాయంత్రం నుంచీ మూలుగుతూనే ఉంది." నాకు జ్వరమొచ్చినప్పుడు ఇంత శ్రద్ధగా ఎవరికీ చెప్పిన గుర్తు లేదు.

దానికి మతిమరుపు వస్తే అల్లుడు లోపలి నుంచి ఒక చిన్న బద్ద పీకి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చేవాడు. అన్నీ గుర్తొచ్చేవి. నేను కళ్లజోడు ఎక్కడ పెట్టానో మరిచిపోతే ఏ రబ్బరూ పనిచేయలేదు. దాని నడినెత్తి కాలిపోతోందని ఒకసారి టూత్‌పేస్ట్ పూశాడు. చల్లబడింది.

ఒకసారి నిజంగానే పోయింది. తెర నల్లబడింది, చెంచాకు పలకలేదు. నేను పక్కబట్టలు చుట్టుకుని నడవలో సిద్ధంగా నిలబడ్డాను. అల్లుడు పెద్ద పలక ఊడదీసుకుని బయటికి వెళ్లాడు. ఆ తర్వాతి కథ వీధి చివరి బేకరీ ఆయన చెప్పాడు.

"మీ అల్లుడు పళ్లెంలో ఏదో పెట్టుకొచ్చి పొయ్యిలో పెట్టమన్నాడు పెద్దాయనా. తీపా, ఉప్పా అని అడిగా. కంప్యూటర్ అన్నాడు. బన్నులు దించాక ఆ వేడికి పెట్టా. బాగానే కాలింది. మీవాళ్లు తిన్నారా?"

తినలేదు నాయనా. బిగించారు. ఆ వేడికి లోపలి అతుకులు కరిగి మళ్లీ అంటుకున్నాయట. అది లేచింది. బన్నుల వాసనతో లేచింది.

కిటికీ మీది బల్లి దాంట్లో పడితే పెద్దగా టప్పుమన్నది. బల్లి తోక వదిలి పారిపోయింది. కంప్యూటర్ ఏమీ వదలలేదు. తోక లోపలే ఉండిపోయింది. ఈపాటికి అదీ ఒక పార్టుగా పనిచేస్తూ ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద రహస్యం దాని గడియారం. లోపలి చిన్న బ్యాటరీ పోయి, రోజూ లేవగానే అది వరదకు ముందరి ఏదో ఏడాది తేదీ చూపిస్తుంది. అంటే దాని లెక్కలో వరద రానే లేదు. రాని వరదకు చావమంటే ఎవరు చస్తారు?

దాని ముందు పీట వేసుకుని మా అమ్మాయి పనిచేసేది. ప్రెస్సువాళ్లకు పుస్తకాలు టైపు చేసిపెట్టడం తన పని. మంచం పక్కన అలా వంగి కూర్చుంటే, చూసేవాళ్లకు రోగికి సేవ చేస్తున్నట్టే ఉండేది. ఒకనాడు దుమ్ము పడకుండా దుప్పటి కప్పి ఉంటే, పక్కింటి పెద్దావిడ కిటికీలోంచి చూసి నాకే ఒంట్లో బాగోలేదనుకుని పళ్లు తెచ్చింది. నడవలో కూర్చుని నేనే తిన్నాను. దానివల్ల నాకు కలిగిన లాభం ఆ పళ్లే.

సెలవురోజైతే ఇక చెప్పక్కర్లేదు. బాగున్నా విప్పాల్సిందే. అల్లుడు విప్పేవాడు, నేను టార్చి పట్టేవాణ్ణి. "ఇటు" అనేవాడు. తిప్పేవాణ్ణి. "ఇంకాస్త" అనేవాడు. వంగేవాణ్ణి. మామా అల్లుళ్ల మధ్య అంతకు మించి మాటలెందుకు? అలా పూటంతా గడిచేది. నా నడుం పట్టేసేది. నా మంచం మీద నేను వాలడానికి లేదు మరి.

ఇలాంటి ఇంట్లోకి దేవుడిలా వచ్చింది కొత్త కంప్యూటర్.

"నాన్నా, కొత్తది కొందామనుకుంటున్నా. నువ్వేమంటావ్?" అంది అమ్మాయి.

"కొను."

"చూశావుటే, మీ నాన్న ఎంత తొందరగా మాట్లాడారో" అంది మా ఆవిడ.

వచ్చింది. పలకంత పల్చన. ఒళ్లో పెట్టుకుంటే చాలు, మంచమూ వద్దు, కిటికీ వద్దు, చెంచా వద్దు. నోట్లోంచి మూలుగు రాదు. పాతదాన్ని అటకెక్కించారు. నా మంచం నాకొచ్చింది. ఆ మధ్యాహ్నం కిటికీ గాలికి పడ్డ నిద్ర గురించి రాయమంటే ఈ పేజీ చాలదు.

తర్వాతి సెలవురోజు అల్లుడు స్క్రూడ్రైవర్ తెచ్చుకుని కొత్తదాన్ని తిరగేశాడు. మళ్లీ బోర్లించాడు. పక్కకు పెట్టి చూశాడు.

"మామయ్యా, దీనికి స్క్రూలే లేవు."

గుమ్మం లేని ఇంటిచుట్టూ తిరిగొచ్చినవాడిలా ఉంది మొహం. ఇంట్లో ఉన్న తలుపుల బందులన్నీ బిగించాడు. కుక్కర్ పిడి బిగించాడు. పక్కింటివాళ్ల గేటు కూడా బిగించాడు. ఆ తర్వాత సెలవురోజుల్లో కిటికీ అవతల అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. ఇవతల మంచం మీద నేను. మధ్యలో మంచి గాలి.

కొత్తదానికి మర్యాద తెలుసు. గ్యారంటీ ఉన్నన్నాళ్లూ బతికింది. గ్యారంటీ తీరిన వారంలో పోయింది. నీళ్లు పడలేదు, బల్లి పడలేదు. పొద్దున మూత తెరిస్తే నల్లగా ఉంది, అంతే. ఇంత ప్రశాంతమైన చావు ఏ పుణ్యాత్ముడికి దొరుకుతుంది?

అమ్మాయి మాత్రం ప్రశాంతంగా లేదు. ఒక లావుపాటి పుస్తకం సగంలో ఉంది. చేసినంత వరకూ వేరేచోట దాచుకుందట గానీ, మిగతాది చేయడానికి యంత్రం కావాలి. వారంలో ఇవ్వకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ప్రెస్సు ఆయన ఫోన్‌లో ఖరాఖండిగా చెప్పేశాడు. ఈ పుస్తకం పోతే తర్వాతిదీ రాదు.

ముగ్గురం షాపుకెళ్లాం. అద్దాల షాపు, చల్లటి గాలి, టై కట్టిన కుర్రాడు. దాన్ని తీసుకుని లోపలికెళ్లి, టీ తాగినంతసేపట్లో తిరిగొచ్చాడు.

"బోర్డు పోయింది మేడమ్. కంపెనీకి పంపితే నెలరోజులు పడుతుంది. దానికన్నా కొత్తది తీసుకోవడం బెటర్."

"తెరిచి చూశారా?" అన్నాడు అల్లుడు.

"తెరవకూడదు సార్. అంతా అతికేసి వస్తుంది. తెరిస్తే పాడైపోతుంది."

నేను సాధారణంగా షాపుల్లో నోరు విప్పను. "ఇప్పుడు బాగుందా?" అన్నాను.

కుర్రాడు నాకేసి కాక అమ్మాయికేసి చూశాడు. "పెద్దాయనకు చెప్పినా అర్థం కాదులెండి. పాతది ఇచ్చేస్తే కొత్తదాంట్లో కొంత తగ్గిస్తాం."

ఎందుకర్థం కాదు? ఎంత హాయైన పద్ధతి! డాక్టర్లు కూడా దీన్ని నేర్చుకుంటే బాగుండు. "మీ ఆయన్ని తెరవకూడదమ్మా, పాడైపోతాడు. కొత్తాయన్ని తీసుకోండి. ఈయన్ని ఇచ్చేస్తే కొంత తగ్గిస్తాం." కోతల్లేవు, కుట్లు లేవు, ఆస్పత్రి బయట బెంచీల మీద పడిగాపులు లేవు. మా ఆవిడకు ఈ మాట చెప్పలేదు. ఆలోచించుకుంటానంటుందేమోనని భయం.

ఇంటికొచ్చాం. అమ్మాయి అటకకేసి చూసింది. మా ఆవిడ నా మంచంకేసి చూసి, వెంటనే వంటింట్లోకి వెళ్లిపోయింది. అల్లుడు ఎటూ చూడలేదు. కంచం ముందు కూర్చుని చేతులు చూసుకున్నాడు.

"సగం అన్నం వదిలేశాడండీ" అంది మా ఆవిడ నాతో, మెల్లగా.

"ఊఁ" అన్నాను.

అడిగి ఉంటే ఇవ్వననేవాణ్ణి. ఒకసారి ఇచ్చినవాణ్ణి, నాకు తెలుసు రెండ్రోజులంటే ఏమిటో. ఎవరూ అడగలేదు. అడగనివాళ్లకు లేదని ఎలా చెప్పడం?

పాఠకులారా, నా వాదన మారలేదు. చచ్చే వస్తువే గొప్పది. దానికి మా ఆవిడ చెంచా అక్కర్లేదు, బేకరీ పొయ్యి అక్కర్లేదు, అల్లుడి చేతులు అక్కర్లేదు, నా టార్చి అక్కర్లేదు. ఎవరినీ తన లోపలికి రానివ్వకుండా వచ్చి, ఎవరికీ చెప్పకుండా పోతుంది. అంత పెద్దమనిషిని ఇంట్లో పెట్టుకునే స్తోమత మాకు లేదు. మీకుంటే కొనుక్కోండి. ఏటేటా కొనుక్కోండి.

మర్నాడు పొద్దున్నే లేచి పక్కబట్టలు చుట్టి నడవలో పెట్టాను. స్టూలెక్కి అటక మీంచి పాతదాన్ని దింపి, దుమ్ము తుడిచాను. మంచం చూస్తే నడిమధ్యన నా బరువుకు గుంటపడి ఉంది. నాకైతే ఆ గుంట సుఖంగానే ఉంటుంది. దానికి కుదరదు, పలకలన్నీ ఒకచోటికి జారతాయి. కూర్చుని నవారు ముడి విప్పాను.

చప్పుడుకు అల్లుడు లేచొచ్చాడు. అటకకేసి, మంచంకేసి, నాకేసి చూశాడు.

"మరి మీరెక్కడ పడుకుంటారు మామయ్యా?"

"ఆ కొస పట్టుకుని గట్టిగా లాగు" అన్నాను.