కవిగారి గదిలో వెలుగు

ఆ ఉదయం ఫోటోగ్రాఫర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ కాస్త పైకి రాగానే కవిగారి గది కిటికీలోంచి రాతబల్ల మీద ఒక వెలుగు చార పడుతుంది. దాన్ని కెమెరాలో పట్టుకుని ఇంటికెళ్ళి టిఫిన్ తినాలి, అంతే. మ్యూజియంగా మారిన కవిగారి పాత ఇంటికి మర్నాటి నుంచి మరమ్మతులు. కిటికీలన్నీ పరంజాల వెనక్కి పోతాయి. కవిగారి పాత కవితలతో వస్తున్న కొత్త సంపుటానికి అట్ట బొమ్మ ఆమెదే కావాలంటే ఇవాళే తీయాలి. ఆమెకది మొదటి అట్ట. అందుకే సహాయకుడు జ్వరమని ఫోన్ చేసినా వెనక్కి తగ్గలేదు. కాళ్ళు చాపుకుని పేపరు చదువుతున్న అక్క మొగుణ్ణి లేపి, భుజాన కెమెరా స్టాండు పెట్టి లాక్కొచ్చింది.

గది తలుపు తీయగానే ఆమె నేరుగా కిటికీ వైపు చూసింది. కిటికీని నిండా మూసేస్తూ ఏనుగు పిల్లంత కూలర్ కూర్చుని ఉంది.

"ఇదేమిటండీ?"

"మీరే కదమ్మా, గదిలో వాతావరణం చాలా ముఖ్యమన్నారు! చల్లగా ఉంటుందని కింద ఆఫీసులోంచి మోయించాను," అంది మ్యూజియం సంరక్షకురాలు, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

"నేనన్నది ఆ వాతావరణం కాదండీ. బావగారూ, ఓ చెయ్యి వెయ్యండి."

ఆయన రెండు చేతులూ వేశారు. కూలర్ కదిలింది. దాని కడుపులోని నీళ్ళన్నీ ఆయన పంట్లాం మీదికొచ్చాయి. కిటికీ తెరుచుకుంది, వెలుగొచ్చింది, చార మాత్రం రాలేదు. గాలిలో కాస్త దుమ్ము తేలితేనే అది కంటికి కనబడేది. సంరక్షకురాలేమో గదిని అద్దంలా తుడిచిపెట్టింది.

"కొంచెం దుమ్ము దొరుకుతుందాండీ?"

ఆవిడ మొహం మాడిపోయింది. "నా గదిలోనా? వెతుక్కోండి!"

తడిసిన కోపంలో ఉన్న బావగారు మంచం మీది పరుపును అరచేత్తో ఒక్కటి చరిచారు. కవిగారి కాలం నాటి పరుపు. గదిలో ఒక తెల్లటి మబ్బు లేచి, సగం కిటికీలోంచి వీధిలోకి పోయింది. మిగతా సగంలో బంగారు చార బల్ల మీదికి దిగింది.

"ఇంకోటి వెయ్యండి బావగారూ! ఆపకండి!"

ఎదురింట్లో ఉండే కవిగారి మనవరాలు, నెరిసిన జుట్టు పెద్దావిడ, ఆ మబ్బును పొగనుకుంది. ఫైరింజన్‌కి ఫోన్ చేసింది.

ఫైర్‌మన్ మెట్లెక్కి వచ్చేసరికి ఫోటోగ్రాఫర్ ఊపిరి బిగబట్టి మీట నొక్కుతోంది. "నిప్పెక్కడ?" అని అరిచాడతను.

"జరగండి, వెలుగుకి అడ్డం!"

దూదిపింజెలా తెల్లబడి దగ్గుతున్న బావగారు అతని కంటపడ్డారు. మరుక్షణం ఆయన అతని భుజం మీద ఉన్నారు.

"నాకేం కాలేదయ్యా, దించు!"

"షాక్‌లో అందరూ ఇలాగే అంటారు సార్," అంటూ అతను మెట్లు దిగిపోయాడు.

గొడవ సద్దుమణిగాక, ఆయాసపడుతూ వచ్చిన మనవరాలు కెమెరాలోకి తొంగిచూసింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "ఎంత బాగుందమ్మా! అచ్చం మా నాయనమ్మ గదే!"

"నాయనమ్మగారిదా? ఇది కవిగారి గది కదండీ?"

"తాతయ్యకి వెలుగు పడేది కాదు తల్లీ, తలనొప్పి. మెట్ల కింద సామాన్ల కొట్లో కూర్చుని రాసేవారు. సూర్యోదయం మీద రాసినవన్నీ అక్కడివే. చూసేవాళ్ళకి కిటికీ ఉంటే బాగుంటుందని మ్యూజియం వాళ్ళే బల్లని ఇక్కడికి చేర్చారు."

సంరక్షకురాలు కూలర్ వంక చూస్తూ నసిగింది. "అక్కడిప్పుడు చీపుళ్ళు పెడుతున్నామండీ."

ఫోటోగ్రాఫర్ బంగారు చారను మరోసారి చూసుకుంది. ఇంతవరకూ తాను తీసిన వాటిల్లో అంత గొప్పది లేదు. అట్ట మీద వేసేస్తే అడిగేవాడూ లేడు. పళ్ళు బిగించి స్టాండు మడిచింది.

"ఆ కొట్టు చూపించండి."

చీపుళ్ళు బయటికొచ్చాయి, బల్ల లోపలికెళ్ళింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా సర్దుకుంటుండగా, ఫైర్‌మన్ కప్పిన దుప్పటితోనే తిరిగొచ్చిన బావగారు గుమ్మంలో నిలబడి ఎంతసేపు పడుతుందని అడిగారు.

"ముందా తలుపు వెయ్యండి బావగారూ," అంది ఫోటోగ్రాఫర్, "చీకటి పాడైపోతోంది."