ఎలోదియా కారుకు నాలుగు ఫొటోలు

ఆ మంగళవారం పొద్దున ఇన్సూరెన్సు ఏజెంటు కూకో పెట్టుకున్న పని చాలా చిన్నది. పెద్దావిడ దోన్యా ఎలోదియా కొన్న పాత కారుకు నాలుగు పక్కలా నాలుగు ఫొటోలు తీయాలి, శాన్ ఆంటోనియో ఆఫీసుకి పంపాలి, వాళ్ళు సరేననగానే పాలసీ ఆమె చేతిలో పెట్టాలి. ఆనక పక్కనున్న టైర్ల షాపు చానోతో తీరిగ్గా కాఫీ తాగాలి.

వెస్లకో ఊళ్ళో కూకోది సొంత దుకాణం. అతను ఏ ఒక్క ఇన్సూరెన్సు కంపెనీకీ జీతగాడు కాడు. పాలసీ మీద పేరున్న కంపెనీ అతని మొహం ఎన్నడూ చూడలేదు. మధ్యలో శాన్ ఆంటోనియో ఆఫీసు ఒకటుంది. ఎవరి బండి తీసుకోవాలో, ఎవరిది వద్దనాలో కంపెనీ తరఫున అదే తేలుస్తుంది. పూచీ కంపెనీది, పట్టింపు ఆఫీసుది, జనం చేత తిట్లు మాత్రం కూకోవి. ఆ పట్టింపంతా ముద్దచేసి మనిషిని చేస్తే మిసెస్ ప్రూట్ అవుతుంది. ఇన్నేళ్ళూ ఆవిడ గొంతు వినడమే గానీ మొహం ఎరగడు కూకో.

ఎలోదియాకు డెబ్బై దాటాయి. పెళ్ళైన నాటినుంచీ బండి నడిపేది భర్త నికానోరు, పక్కన కూర్చునేది ఆమె. "నీకెందుకే స్టీరింగు, నేనున్నాగా!" అనేవాడు. ఆయనకొచ్చిన పక్షవాతం కాళ్ళూ చేతుల్ని వదిలేసి, ఎడమ పక్క చూపును పట్టుకుపోయింది. ఇక బండి ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఆయన హార్లింజెన్ ఆస్పత్రిలో ఉన్న రెండు నెలల్లో ఆమె గుట్టుగా డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, కారు కొనేసింది. ఈ మధ్యాహ్నం ఆయన్ని ఇంటికి పంపిస్తున్నారు.

"పాలసీ రావడం ఆలస్యమైతే నా బండిలో తీసుకొద్దాంలే అమ్మా," అన్నాడు కూకో.

"నువ్వు తెస్తే రోగిలా వస్తాడు నాయనా. నేను తెస్తే మొగుడిలా వస్తాడు. కానివ్వు, ఫొటో తియ్యి."

మొదటి ఫొటో ముందు వైపుది. అది వెళ్ళిన కాసేపటికే ఫోను మోగింది.

"కారు ముందు ఆ ఎర్ర రిబ్బను ఏంటండీ? ఆ బెలూన్లేంటి? పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారా?" అంది ప్రూట్.

"లేదు మేడం. భర్త ఇంటికొస్తున్నాడని కట్టుకుంది. బెలూన్ల మీద ఆయన పేరే ఉంది."

"తీయించి మళ్ళీ పంపండి."

రిబ్బనూ బెలూన్లూ విప్పి కారు వెనక సీట్లో కుక్కారు. రెండో ఫొటో వెనక వైపుది. అద్దంలోంచి బెలూన్లు కనిపించాయి, వాటి పక్కన రెండు పెద్ద గిన్నెలూ కనిపించాయి.

"గిన్నెల్లో ఏముంది?"

"తమాలెస్ మేడం. ఆస్పత్రి నర్సులకు."

"బెలూన్లు, గిన్నెలు! పార్టీలకు తిండి చేరవేస్తారేమో కనుక్కోండి. అలాగైతే సొంత వాడకానికిచ్చే ఈ పాలసీ కుదరదు."

ఎలోదియా నడుం మీద చెయ్యేసుకుంది. "ఆవిడకి మొగుడున్నాడో లేడో అడుగు! రెండు నెలలు నా మనిషిని చూసుకున్న పిల్లల దగ్గరికి చేతులూపుకుంటూ పొమ్మంటుందా?"

కూకో అది అడగలేదు. మొక్కజొన్న పిండితో ఉడికించిన ఆ తమాలెస్ గిన్నెలు మోసుకెళ్ళి చానో బల్ల మీద పెట్టాడు. మూత తీసి చూడడం ఒక్కటే చానో చేసిన తప్పు. ఆ వాసనకు టైర్లు మార్చించుకుంటున్నవాళ్ళు లేచొచ్చారు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు సంగతి మరిచారు. మూడో ఫొటోలో కారు బాగానే పడింది. దాని వెనక ప్లేట్లు పట్టుకున్న జనం వరస కూడా అంతే బాగా పడింది.

"కూకో గారూ, మీరు నాకు కారు చూపిస్తున్నారా, హోటలు చూపిస్తున్నారా?"

"ఓ బావా, మూత పెట్టవయ్యా!" అని అరిచాడు కూకో.

"పెట్టి లాభం లేదు బావా, అడుగు కనిపిస్తోంది," అన్నాడు చానో నోటి నిండా పెట్టుకుని.

ఎలోదియా ఖాళీ గిన్నెల్ని చూసి, గోడ గడియారం వైపు తిరిగింది. అది చూసి కూకో జనాన్ని తరిమి, గబగబా మిగతా ఫొటోలు తీసి, మళ్ళీ చూసుకోకుండానే పంపేశాడు.

ఈసారి ప్రూట్ గొంతు మెత్తబడింది. "అన్నీ బావున్నాయి. ఒక్క అనుమానం. డ్రైవరు సీట్లో కూర్చున్న ఆ పెద్దాయనెవరు?"

కూకో కిటికీలోంచి చూసి ఫోను చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తాడు.

ఆస్పత్రి చొక్కాతో స్టీరింగు ముందు కూర్చున్నాడు నికానోరు. పొద్దున్నే వదిలేశారట. దారిన పోయే రొట్టెల వ్యానెక్కి వస్తూ, ఈ కారు వెనక సీట్లో తన పేరున్న బెలూన్లు కనిపిస్తే దిగి, ఇన్నేళ్ళ అలవాటుకొద్దీ ఆ సీట్లోనే ఎక్కి కూర్చున్నాడు.

"ఆగలేకపోయావా ముసలోడా!" అంది ఎలోదియా ఏడుస్తూ నవ్వుతూ. "నేను రావాలి కదా నీకోసం!"

"నువ్వా? ఎవరు నడుపుతారని?"

ఆమె లైసెన్సు తీసి చూపించింది. ఆయన దాన్ని కుడి పక్కకు తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

ఫోనులో అంతా విన్న ప్రూట్ నెమ్మదిగా చెప్పింది. "ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి నియమం తప్పదండీ. ఈ కారు నడపనని ఆయన సంతకం పెట్టాలి. తొందరపెట్టకండి. నేను లైన్లోనే ఉంటాను."

దుకాణంలోంచి ఆ కాగితం తెచ్చాడు గానీ, ఆయన చేతికివ్వడానికి కూకోకు మనసొప్పలేదు. ఎలోదియాయే ఇచ్చింది.

"నాకు సగమే కనిపిస్తోందే," అన్నాడు నికానోరు.

"ఆ సగంలో ఏముంది?"

"నడపకూడదని ఉంది."

"మిగతా సగం నేను చూస్తాలే."

ఆయన స్టీరింగును ఒకసారి అరచేత్తో తుడిచాడు. సంతకం పెట్టాడు. దిగి, కారు చుట్టూ మెల్లగా నడిచి, ఇన్నేళ్ళూ ఆమె కూర్చున్న పక్క సీట్లో పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కూర్చున్నాడు.

"పాలసీ ఖాయం," అంది ప్రూట్. ఆ వెంటనే ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఇల్లు రెండు వీధుల అవతలే. ఎలోదియా మాత్రం కారును ఊరి బయట పెద్ద రోడ్డు వైపు తిప్పింది. ఇక బండి నడపనని అప్పుడే సంతకం పెట్టిన మనిషి, మొదటి మలుపు రాకుండానే తన వైపు లేని బ్రేకును రెండుసార్లు తొక్కాడు. దానికి ప్రూట్ దగ్గర కూడా నియమమేమీ లేదు.